కాదన్న గుండెలు

రేవతి గుండె ఆ మధ్యాహ్నం ఒక ఏడాది ముందుకు నడిచింది. నడిచినకొద్దీ నీరసపడి, చివరికి ఆగిపోయింది.

తెర మీద ఆగింది నిజం గుండె కాదు. నిజం గుండె రెండంతస్తుల కింద, విశాఖపట్నంలోని ఆ హృద్రోగ పరిశోధన సంస్థ వార్డులో, వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి ఛాతీలో ఇంకా కొట్టుకుంటూనే ఉంది. తెర మీదున్నది దాని ప్రతిగుండె. స్కానులో తీసిన బొమ్మల నుంచీ, ఛాతీకి తొడిగిన తీగల చొక్కా పట్టుకొచ్చిన విద్యుత్తు జాడల నుంచీ యంత్రం అల్లిన కవల. దానికి యంత్రంలోనే పేస్‌మేకర్ అమర్చి, నెలల్ని నిమిషాలుగా పరిగెత్తించి, ఆ మనిషికి నిజంగా పెడితే ఏమవుతుందో ముందే చూస్తారు.

"మళ్ళీ నడిపించు దినకర్" అంది డాక్టర్ హైమవతి.

దినకర్ ఆమెతో కలిసి ప్రతిగుండెని తయారుచేసిన ఇంజనీరు. కుర్చీలోంచి కదలకుండా అన్నాడు. "పేస్‌మేకర్ తీగ చోటు మార్చి కూడా చూశాం మేడమ్. ఎడమ గోడంతా బూడిద రంగే."

బూడిద రంగంటే చచ్చిన కండ. చచ్చిన కండ ఎంత కరెంటిచ్చినా లేవదు.

రేవతి హైమకి సొంత చెల్లెలు. రెండో కాన్పు తరవాత గుండె ఉబ్బి బలహీనపడింది. కుడి పక్క కొట్టుకున్నాక, కాస్త ఆలస్యంగా గాని ఎడమ పక్క కొట్టుకోవడం లేదు. ఇలాంటి వాళ్ళకి మూడు తీగల పేస్‌మేకర్ ఒకటుంది. రెండు పక్కల్నీ ఒక్కసారి తట్టి లేపుతుంది. అది పడితే మంచానున్న మనిషి లేచి తిరుగుతాడు. చాలామందికి పడుతుంది, కొందరికి పడదు. ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో పెట్టి చూస్తే తప్ప తెలిసేది కాదు. హైమ కొత్తగా డాక్టరైన రోజుల్లో ఒక డ్రాయింగు మాస్టారికి పెట్టింది. ఆయన గుండె లేవలేదు సరికదా, తీగ పెట్టిన చోట చీముపట్టి, మూలిగి మూలిగి పోయాడు. ఆశ చూపించి చంపానని ఆమె నెలల తరబడి కుమిలిపోయింది. ఆ కుమిలింపులోంచే ప్రతిగుండె పుట్టింది. ప్రతిగుండె సరేనంటేనే పేస్‌మేకర్ పెట్టాలన్న నియమం ఇప్పుడు ప్రభుత్వాసుపత్రులన్నిటిలోనూ నడుస్తోంది. ఆ నియమం రాసిన చెయ్యి హైమదే.

ఆమె మెట్లు దిగి వార్డులోకి వెళ్ళింది.

"ఏమంటోందక్కా నీ మిషను?" రేవతి నవ్వడానికి ప్రయత్నించింది. నాలుగు మాటలకే రొప్పు వచ్చింది.

హైమ మంచం అంచున కూర్చుని చెల్లెలి కాళ్ళ మీద చెయ్యి వేసింది. నీరుపట్టిన పాదాల మీద వేళ్ళు పెట్టినచోట గుంటలు పడ్డాయి.

"కాదంటోంది."

రేవతి భర్త శ్రీకర్ కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగాడు. పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, గొంతు పెంచడం ఎరగడు. "కాదంటే ఏంటి వదినా? పెట్టరా?"

"పెట్టినా లాభం లేదు. కోత, జ్వరం, ఇంకా నీరసం. మందులతో ఎన్నాళ్ళు లాగగలిగితే..."

"మీరు సంతకం పెడితే చాలు కదా. మిమ్మల్ని ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. అందుకే పెట్టను. పొద్దుట ఇదే వార్డులో ఇంకో ఇద్దరికి కాదని చెప్పాను. వాళ్ళ అక్కలు డాక్టర్లు కారు. నా చెల్లెలికి ఒక న్యాయం, వాళ్ళకి ఇంకొకటీనా?"

శ్రీకర్ మళ్ళీ కిటికీవైపు తిరిగాడు. రేవతి అక్క మొహంలోకి చూసి, "అయితే చంటిదానికి పాలు మాన్పించి మంచిపనే చేశాను" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు శ్రీకర్ ఆమెని తమ ఊరు గుంటూరు తీసుకుపోయాడు. హైమకి చెప్పలేదు.

చెప్పింది డాక్టర్ ఖుద్దూస్. హైమకి ఒకప్పుడు పాఠాలు చెప్పినాయన. పెద్దవాడైపోయి, గుంటూరులో ఇంటి కింద చిన్న సొంత ఆసుపత్రి నడుపుకుంటున్నాడు. ఫోనులో ఆయన గొంతు వినగానే ఆమెకి విషయం అర్థమైపోయింది.

"అమ్మాయ్ హైమా, మీ చెల్లెలు నా దగ్గరుంది. రేపు పెట్టేస్తున్నాను."

"ఎడమ గోడ చచ్చిపోయింది సార్. మీరు బొమ్మలు చూడలేదు."

"చూశాను. నీ మిషను చెప్పింది తప్పని నేననను. నాకంత తెలీదు కూడా. పిల్లకి ముప్పై నాలుగేళ్ళు, ఒళ్ళో బిడ్డ. ఊరికే చూస్తూ కూచోవడం నా వల్ల కాదమ్మా."

"బాగవకపోతే?"

"తప్పు నాది. బాగయితే ఏం చేస్తావో నువ్వు చెప్పు."

బాగయితే అన్న మాట హైమ లెక్కలో లేనే లేదు.

ఆ తరవాత అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు లేవు. చెల్లెలు పోయిందన్న కబురు కోసమే ఎదురుచూస్తున్నానని హైమకి తెలుసు. ఫోను మోగినప్పుడల్లా ముందు పేరు చూసి గాని ఎత్తేది కాదు. వానాకాలం వెళ్ళింది. శీతాకాలం సగం వెళ్ళింది. కబురు రాలేదు. ఉండబట్టలేక ఒక ఆదివారం రైలెక్కి గుంటూరు వెళ్ళింది.

గేటు తీసేసరికి రేవతి డాబా మీద నుంచి దిగి వస్తోంది. ఒక చేతిలో ఖాళీ బకెట్టు, ఇంకో చంకలో బిడ్డ. ఎక్కడా ఆగలేదు. రొప్పులేదు. చివరి మెట్టు మీద అక్కని చూసి నిలబడింది.

హైమ ముందు సంతోషించింది. ఒళ్ళంతా పొంగినట్టయి కళ్ళు మసకబారాయి. ఆ సంతోషం గొంతుదాకా రాకముందే దాని వెనకే భయం వచ్చింది. చచ్చిందన్న కండ ఈ మెట్లెలా దిగుతోంది? ఇది లేచిందంటే, లేవవని చెప్పిన తక్కినవన్నీ?

"రా అక్కా, ఎండలో నిలబడ్డావేం?" అంది రేవతి. ఆ మాటలో కోపం లేదు, చనువూ లేదు. పక్కింటావిడని పిలిచినట్టు పిలిచింది.

అన్నం పెట్టింది. గోంగూర పచ్చడి వేసింది. హైమ రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేసింది.

"నిన్ను ఒక్కసారి మళ్ళీ స్కాను చెయ్యనివ్వు రేవతీ."

"ఎందుకు? నేను బతికున్నానంటే నీ మిషను నమ్మట్లేదా?"

"నేనే నమ్మలేకపోతున్నాను."

రేవతి విశాఖ వచ్చింది. స్కాను గది బయట అద్దం వెనక హైమా దినకరూ కూర్చున్నారు. సొరంగంలోకి బల్ల జరిగింది. ముందే రికార్డు చేసిన గొంతు పలికింది. "ఊపిరి తీసుకోండి. వదలండి. బిగబట్టండి." ఆ గొంతు హైమదే. వచ్చే రోగులకి ఇంగ్లీషు అర్థం కాదని తనే తెలుగులో చెప్పి పెట్టింది.

బొమ్మలు వచ్చాయి. ఎడమ గోడలో బూడిద లేదు. అద్దంలా స్పష్టంగా, గులాబి రంగులో, బతికున్న కండ. ఒకసారి చచ్చిన గుండెకండ మళ్ళీ బతకదు. అంటే అది ఎప్పుడూ చావలేదు.

రేవతి బయటికొచ్చి జుట్టు ముడుచుకుంటూ అంది, "ఈసారి తేలిగ్గా పట్టేశాను."

"ఏం పట్టేశావు?"

"ఊపిరి. అప్పుడు నావల్ల కాలేదక్కా. వెల్లకిలా పడుకుంటేనే మునిగిపోతున్నట్టుండేది. నీ గొంతు బిగబట్టండి, బిగబట్టండి అంటుంటే మధ్యలో దొంగతనంగా వదిలేసేదాన్ని. నీ పని పాడుచేస్తున్నానేమోనని సిగ్గేసి చెప్పలేదు."

దినకర్ పాత బొమ్మలు తెరిచాడు. ఊపిరి కదిలినప్పుడు గుండె కదిలింది. గుండె కదిలినప్పుడు బొమ్మ అలుక్కుపోయింది. ఆ అలుకుని యంత్రం చచ్చిన కండ అనుకుంది. దానికి నేర్పినప్పుడు చూపించిన గుండెలన్నీ చెప్పినట్టు ఊపిరి బిగబట్టగలిగినవాళ్ళవి. కదిలిన బొమ్మ ఎలా ఉంటుందో అది ఎన్నడూ చూడలేదు.

"ఊపిరాడక వచ్చినవాళ్ళని ఊపిరి బిగబట్టమన్నాం మేడమ్" అన్నాడు దినకర్. "ఎవరికి ఎక్కువ ఆయాసమో, వాళ్ళకే కాదని చెప్పాం."

"ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా తప్పని తేల్చలేదేం?" అంది హైమ. అంటూండగానే జవాబు ఆమెకి తట్టింది. కాదన్నవాళ్ళకి ఎవరూ పేస్‌మేకర్ పెట్టలేదు. పెట్టకపోతే వాళ్ళు లేచేవాళ్ళని తెలిసేదెలా? ఇంటికెళ్ళి పోయారు. ఒక్కొక్కరూ పోయినప్పుడల్లా, చూశారా, యంత్రం చెప్పినట్టే జరిగిందని అందరూ మెచ్చుకున్నారు. సదస్సుల్లో చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు తనే నమ్మింది.

రేవతి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అర్థమయ్యాక అక్క భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిని హైమ భరించలేకపోయింది. మెల్లిగా తీసి పక్కన పెట్టింది.

సంస్థ డైరెక్టరు అంతా విని తలుపు మూయించాడు. "రేపటి నుంచి సరిచేసి వాడదాం. వెనక్కి తవ్వకండి డాక్టర్. పోయినవాళ్ళు తిరిగొస్తారా?"

"బతికున్నవాళ్ళు ఉండొచ్చు సార్."

ఆయన అడ్డం చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు.

దినకర్ బొమ్మల్లోని అలుకుని కనిపెట్టి తీసేసే ప్రోగ్రాము ఒకటి రాశాడు. యంత్రం కాదన్న పాత ప్రతిగుండెలన్నీ దాచే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే మళ్ళీ నడిపించారు. మొదటిది ఒక హెడ్ కానిస్టేబులుది. తెర మీద ఉబ్బిపోయి, తాళం తప్పి, ఈడ్చుకుంటూ కొట్టుకుంటున్న గుండె పేస్‌మేకర్ తగలగానే రెండు పక్కలా ఒక్కసారి ముడుచుకుంది. నెలలు గడిచాయి. ఉబ్బు తగ్గింది. ఏడాది తిరిగేసరికి చక్కటి గుండె తెర మీద హాయిగా కొట్టుకుంటోంది. హెడ్ కానిస్టేబులు పోయి అప్పటికి రెండేళ్ళు.

తరవాతిది ఒక అంగన్‌వాడీ టీచరుది. అదీ లేచింది. ఆ తరవాతిది లేవలేదు. హైమ గట్టిగా గాలి వదిలింది. ఒక మనిషి గుండె ఎటూ బాగుపడేది కాదని తెలిసి తన ప్రాణం కుదుటపడిందని గ్రహించి, తన మీద తనకే అసహ్యం వేసింది. తరవాతిది లేచింది. దాని తరవాతిదీ లేచింది. పోయినవాళ్ళ గుండెలు వరసగా కోలుకుంటుంటే దినకర్ ఇక చూడలేక వరండాలోకి వెళ్ళిపోయాడు. హైమ ఒక్కతే కూర్చుని అన్నీ చూసింది. చూడడం తప్ప వాళ్ళకి చెయ్యగలిగింది ఇంకేమీ లేదు.

లేచిన గుండెల ఇళ్ళకి ఫోన్లు చేసింది. "ఆయన లేరండీ" అన్నారు. "అమ్మ పోయి చాలా రోజులైంది, ఎవరు మాట్లాడేది?" అన్నారు. కొన్ని నంబర్లు పనిచెయ్యలేదు. విజయనగరంలో ఒక ఇంట్లో ఆడమనిషి ఫోనెత్తింది. "ఉన్నాడు తల్లీ. అలా ఉన్నాడంటే ఉన్నాడు" అంది.

హైమ ఆ పూటే కారులో బయల్దేరింది.

ఎల్లాజీ పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండుమేళం వాయించేవాడు. క్లారినెట్టు. ఆ చుట్టుపక్కల అతని పాట లేకుండా పెద్ద పెళ్ళి జరిగేది కాదు. ఇప్పుడు ఇరుకు గదిలో, నులకమంచం మీద, గోడకి చేరగిలబడి ఉన్నాడు. అతని భార్య పైడమ్మ స్టూలు తుడిచి హైమ ముందు వేసింది.

హైమ ఏమీ దాచలేదు. యంత్రం తప్పు చెప్పిందనీ, అప్పుడే పెట్టి ఉంటే బాగయ్యేవాడనీ, ఆ తప్పు తమదేననీ చెప్పింది. తిడతారని సిద్ధపడి వచ్చింది.

ఎల్లాజీ కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అయితే ఆ సొరంగంలో నానే సెడగొట్టినానన్నమాట. ఊపిరట్టమంటే పట్టలేకపోనాను. క్లారినెట్టు వాయించేవోడికి ఊపిరట్టడం రాదా అని నవ్వుతారని, సెప్పలేదు."

"మీరు చెడగొట్టలేదు. మేము అడక్కూడనిది అడిగాం."

"మీరు కాదన్నాక మా మేళవోళ్ళకి సెప్పీసినాను తల్లీ, నా జాగాలో ఇంకోడ్ని ఎట్టుకోమని. నమ్మీసినాను." అతని మాటలో నిష్ఠూరం లేకపోవడమే హైమకి ఎక్కువ బాధనిపించింది.

పైడమ్మ మొగుడికేసి చూసింది, డాక్టరుకేసి చూసింది. "ఇప్పుడెడితే బాగవుతాదా?" ఆమె మొహం వెలిగింది. చాలా రోజుల తరవాత వెలిగినట్టుంది, ఆ వెలుగు ఆమెకే అలవాటు తప్పినట్టుంది.

"చూద్దాం" అంది హైమ.

విశాఖలో ఎల్లాజీని కూర్చోబెట్టినట్టే పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టే పని లేకుండా, అతని ఊపిరి వెంటే నడుస్తూ నెమ్మదిగా స్కాను తీశారు. బొమ్మలు అలుక్కోలేదు. ప్రతిగుండె తెర మీద లేచి నిలబడింది.

ఎడమ గోడ బూడిద రంగు.

దినకర్ అతని పాత గుండెనీ కొత్త గుండెనీ పక్కపక్కన పెట్టి నడిపించాడు. పాతది కోలుకుంది. కొత్తది కోలుకోలేదు. అప్పుడు బతికున్న కండ, లేపేవాళ్ళు లేక, ఈ లోపల నిజంగానే చచ్చిపోయింది.

"ఇప్పుడిది తప్పు చెప్పట్లేదు మేడమ్" అన్నాడు.

"తెలుసు."

హైమ పైడమ్మని వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది. పైడమ్మ అంతా విని తలెత్తింది.

"అప్పుడు కాదన్నారు. అది తప్పన్నారు. ఇప్పుడు మల్లీ కాదంటన్నారు. ఇది నిజమని నానెలగ నమ్మేది తల్లీ? మీరే సెప్పండి."

హైమ స్కాను బొమ్మలు చూపించబోతే పైడమ్మ చూడలేదు.

"మా ఇంటాయనకి ఎట్టీయండి. పోతే పోతాడు. కాదనిపించుకుని పోకూడదు."

హైమ పెట్టింది. ఆ యంత్రం మాట దాటడం ఆమెకదే మొదటిసారి. తీగల్ని నరాల్లోంచి ఒక్కొక్కటే గుండెలోకి దింపుతున్నప్పుడు ఆమె లోపల చిన్నపిల్లలా మొక్కుకుంటోంది. ఇన్నేళ్ళ తన పని మరొక్కసారి తప్పవ్వాలని, ఈ ఒక్కడి విషయంలో తప్పవ్వాలని. తను కట్టిందాన్ని తనే ఓడించాలని చూస్తున్న మనిషిని దినకర్ అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు.

రెండు రోజులు ఎల్లాజీ బాగున్నట్టే ఉన్నాడు. లోపల తాళం కుదిరినట్టుందన్నాడు. ఇడ్లీ అడిగి తిన్నాడు. పైడమ్మ వార్డులో ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది. హైమ మాత్రం రోజూ పరీక్ష చేసి చూస్తూనే ఉంది. కుడి గోడ కొట్టుకుంటోంది. ఎడమ గోడకి తీగ పిలుపు పంపుతోంది. అది పలకడం లేదు.

తరవాత నీరు మళ్ళీ పట్టింది. మూత్రం ఆగింది. మందులు మార్చారు, పెంచారు. ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, పైడమ్మ గ్లాసులో నీళ్ళు పోస్తూండగా అతని తల పక్కకి వాలింది. హైమా నర్సులూ చెయ్యగలిగినదంతా చేశారు. ఛాతీ మీద నొక్కి నొక్కి హైమ చేతులు పట్టుకుపోయాయి. చివరికి ఆమె వెనక్కి జరిగి, నర్సులకి చాలని తల ఊపింది.

పైడమ్మ ఏడవలేదు. ఆమె మంచం పక్కన గుండె తాళం చూపే తెరకేసి చూస్తోంది.

తెర మీద గీత పడుకుని లేదు. నిటారుగా పొడుపులు లేస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా.

"అదిగో!" పైడమ్మ హైమ మోచెయ్యి పట్టుకుని ఊపింది. "కొట్టుకుంటన్నాది! సూడండి తల్లీ, కొట్టుకుంటన్నాది! మీ మిషను మల్లీ తప్పే సెప్పినాది!"

ఆ పొడుపులు పేస్‌మేకరువి. మనిషి పోయినా దానికి తెలీదు. పిలవడం దాని పని, పిలుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపే పరికరం మంచం పక్క బల్ల మీద, హైమ చేతికి అందేంత దూరంలో ఉంది.

ఆమె పైడమ్మ అరచేతిని పట్టుకుని, మెల్లిగా ఎల్లాజీ ఛాతీ మీద ఎడమవైపు పెట్టింది. తన చెయ్యి దానిమీద పెట్టింది. ఇద్దరూ తెరకేసి చూశారు. పొడుపు లేచింది. చేతి కింద ఏమీ లేవలేదు. ఇంకో పొడుపు లేచింది. చేతి కింద ఏమీ లేవలేదు.

పైడమ్మకి తెలిసింది. ఆమె వేళ్ళు బిగుసుకోవడం హైమకి తెలిసింది.

"ఆపెయ్యనామ్మా?" అంది హైమ.

పైడమ్మ చెయ్యి తియ్యలేదు. తెర మీద నుంచి కళ్ళూ తియ్యలేదు. ఆపమని ఆమె అనేదాకా ఉందామని హైమ అలాగే నిలబడింది. ఆమె అనలేదు.